టోల్‌గేటు దగ్గర ఎన్ని బండ్లు మాట్లాడుకోగలవు?

ఒంగోలు, నెల్లూరు మధ్య హైవే మీద తిరిగే బండ్లు ఒకదానితో ఒకటి వైర్‌లెస్‌లో మాట్లాడుకుంటే ఆ నెట్‌వర్క్ ఎంత బరువు మోస్తుందో లెక్కగట్టిన ఇంజనీరింగ్ ప్రాజెక్టు రిపోర్టు ఒకటి ఈమధ్య చదివాను. శ్రద్ధగా రాసిన రిపోర్టే. కానీ దానికి పునాది అంతా ఒక్క లైనులో ఉంది: ఛానెల్ వేగం 6 ఎంబీపీఎస్, ఒక్కో సందేశం 300 బైట్లు, బండికి సెకనుకు 10 సందేశాలు, కాబట్టి 250 బండ్లు. ఆరు వరుసల రోడ్డు మీద వరుసకు 100 మీటర్లకొక బండి చొప్పున, అటు కిలోమీటరు ఇటు కిలోమీటరు కలిపి 120 బండ్లు. అందుకని నెట్‌వర్క్‌లో సగానికి పైగా ఖాళీ ఉంటుందని తేల్చేశారు.

భాగహారం సరిగ్గానే చేశారు. ఏ అంకెను దేనితో భాగించాలన్న దగ్గరే పొరపాటు జరిగింది. నా ఉద్దేశంలో బండ్ల మధ్య నెట్‌వర్క్ సామర్థ్యాన్ని ఎంబీపీఎస్‌లో చెప్పకూడదు. క్యూ చివర ఆగిన లారీ కబురు, 150 మీటర్ల వెనక గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండికి సెకనుకు ఎన్నిసార్లు అందుతుందో చెప్పాలి. అదీ ఖాళీ రోడ్డు మీద కాదు, టంగుటూరు టోల్‌గేటు లాంటి చోట.

150 మీటర్లే ఎందుకంటే, 80 వేగమంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేసేలోపు సెకనున్నర పడుతుందనుకుంటే 33 మీటర్లు పోయినట్టే. లోడు మీదున్న బండి వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 4 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే ఆగడానికి ఇంకో 62 మీటర్లు కావాలి. మొత్తం 95. ఇక మిగిలింది 55 మీటర్లు, అంటే రెండున్నర సెకన్లు. కబురు ఆ లోపే చేరాలి.

250 కాస్తా 134 అయ్యేది ఇలా

బండ్లు మాట్లాడుకోవడానికి వైఫైని మార్చి చేసిన 802.11పి ప్రమాణంలో ఛానెల్ వెడల్పు 10 మెగాహెర్ట్జ్. పాత వైఫై గడియారాన్ని సగం వేగానికి తగ్గించి నడిపినట్టు ఉంటుంది. బిట్లను గుంపుగా మోసుకెళ్లే ఒక్కో సింబల్‌కు 8 మైక్రోసెకన్లు పడుతుంది. 6 ఎంబీపీఎస్ దగ్గర సింబల్‌లో 48 బిట్లు పడతాయి. 300 బైట్లంటే 2400 బిట్లు, ముందూ వెనకా తప్పనిసరిగా చేరే 22 కలిపితే 2422. దీన్ని 48తో భాగిస్తే 50 దాటుతుంది. సింబల్‌ను ముక్క చేయలేం కాబట్టి 51 వేసుకోవాలి, అంటే 408 మైక్రోసెకన్లు. దానికి ముందు రిసీవరును సిద్ధం చేసే ప్రియాంబుల్, సందేశం వేగమూ పొడవూ చెప్పే సిగ్నల్ ఫీల్డు కలిసి 40 తీసుకుంటాయి. మొత్తం 448. రిపోర్టు లెక్కలో ఇది 400.

తర్వాత నిరీక్షణ. గాలి, అంటే ఛానెల్, ఖాళీగా కనబడినా వెంటనే పంపడానికి లేదు. మామూలు ప్రాధాన్యం ఉన్న సందేశమైతే 32 మైక్రోసెకన్లు, ఆపైన 13 చొప్పున ఆరు స్లాట్లు (చిన్న కాలపు గడులు), కలిపి 110 ఆగాలి. ఆ తర్వాత 0 నుంచి 15 లోపు ఏదో ఒక అంకె తీసుకుని అన్ని స్లాట్లు లెక్కపెట్టాలి. సగటున ఏడున్నర స్లాట్లు, అంటే సుమారు 97. అన్నీ కలిపితే ఒక్కో సందేశానికి 655 మైక్రోసెకన్లు. సెకనుకు 1525 సందేశాలు, 152 బండ్లు.

ఈ 152ను కూడా నేను నమ్మను. పది బండ్లు ఒకేసారి వేచి ఉంటే అందరూ కలిసే స్లాట్లు లెక్కపెడతారు, కాబట్టి ఎవరిది చిన్న అంకె అయితే వాళ్లు ముందు పంపేస్తారు. సగటు విరామం 97 కన్నా తగ్గుతుంది. చూడటానికి లాభంలా ఉంటుంది గానీ, ఆ లాభమంతా సందేశాలు గాలిలో ఒకదాన్నొకటి ఢీకొనడాల కింద పోతుంది. ఐదు బండ్లు వేచి ఉన్నాయనుకోండి, 16 అంకెల్లో ఏ రెండింటికీ ఒకే అంకె పడకుండా ఉండే అవకాశం దాదాపు సగం మాత్రమే. ఇంట్లో వైఫై అయితే అవతలి నుంచి ‘అందింది’ అన్న జవాబు రాకపోయేసరికి ఆ 16ను 32 చేసి, మళ్లీ 64 చేసి జాగ్రత్తపడుతుంది. ఇక్కడ సందేశం అందరికీ కలిపి వేసే కేక. జవాబు ఎవరివ్వాలి? అందుకని 16 ఎప్పటికీ 16 గానే ఉంటుంది, తన సందేశం గాలిలోనే పోయిందని పంపిన బండికి తెలియనే తెలియదు.

ఈ కారణంగానే గాలిని 60 శాతానికి మించి నింపకుండా చూసుకోవడం మంచిది. సెకనులో 60 శాతాన్ని 448తో భాగిస్తే 1339 సందేశాలు, 134 బండ్లు. రోడ్డు మీద 120 ఉన్నాయి. సగానికి పైగా ఖాళీ అన్న నెట్‌వర్క్ నిజానికి అంచు దాకా నిండి ఉంది.

27 ఎంబీపీఎస్ పెడితే?

ఇదే ప్రమాణంలో 27 ఎంబీపీఎస్ దాకా వేగాలున్నాయి కదా, అదెందుకు వాడకూడదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. లెక్క చూద్దాం. 27 దగ్గర సింబల్‌కు 216 బిట్లు, మన సందేశానికి 12 సింబళ్లు, 96 మైక్రోసెకన్లు. ప్రియాంబుల్ 40 మాత్రం తగ్గదు. మొత్తం 136. వేగం నాలుగున్నర రెట్లు పెరిగినా సమయం కలిసొచ్చింది 3.3 రెట్లే.

అంతకంటే పెద్ద ఇబ్బంది దూరంతో. 6 ఎంబీపీఎస్ సందేశాన్ని మైనస్ 82 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పెరిగేకొద్దీ బలహీనం) దగ్గర కూడా రిసీవరు పట్టుకోవాలని ప్రమాణం చెబుతుంది. 27కి అది మైనస్ 68. తేడా 14 డెసిబెల్స్, అంటే అడ్డు లేని చోట దూరం ఐదో వంతుకు పడిపోతుంది. 23 డీబీఎం శక్తితో 5.9 గిగాహెర్ట్జ్‌లో పంపితే, మధ్యలో ఏ అడ్డూ లేకుండా 6 ఎంబీపీఎస్ సుమారు 720 మీటర్లు పోతుంది, 27 సుమారు 144 మీటర్లు. లారీ వెనక 150 మీటర్ల దూరంలో వస్తున్న మన బండికి అది వినపడదు.

వినపడకపోవడంతో పోదు. ఏ వేగంతో పంపినా ప్రియాంబుల్, సిగ్నల్ ఫీల్డు మాత్రం అతి తక్కువ వేగం పద్ధతిలోనే వెళ్తాయి. మైనస్ 85 దాకా వాటిని గుర్తుపట్టాలి కాబట్టి కిలోమీటరు దూరంలో ఉన్న బండి కూడా ఎవరో మాట్లాడుతున్నారని నోరు మూసుకుంటుంది. కిలోమీటరు మేర అందరినీ ఆపి, 144 మీటర్లలో ఉన్నవాళ్లకు మాత్రమే చెప్పిన మాట అది. 12 ఎంబీపీఎస్‌ను మాత్రం కొట్టిపారేయను. సందేశం 248 మైక్రోసెకన్లలో అయిపోతుంది, అడ్డు లేకపోతే 400 మీటర్లు పోతుంది. క్యూలో ఇరుక్కున్న బండ్ల వరకు దాన్ని పరీక్షించి చూడాల్సిందే.

ట్రంకు రోడ్డు మీద ఆటోల్లాగా

రిపోర్టు అసలు ముట్టుకోని సంగతి ఇంకోటుంది. సింగరాయకొండ దగ్గర ఒక బండి మాట్లాడుతుంటే కావలిలో బండి ఆగనక్కర్లేదు. ఒకే ఛానెల్‌ను రోడ్డు పొడవునా చాలా చోట్ల ఒకేసారి వాడుకోవచ్చు. ఎన్నిచోట్ల?

కిలోమీటరు లోపు ఇద్దరు ఒకేసారి మాట్లాడకూడదనుకుంటే, ఒంగోలు నుంచి నెల్లూరు దాకా సుమారు 120 కిలోమీటర్లలో గట్టిగా సర్దితే 120 మంది ఒకేసారి మాట్లాడొచ్చు. కానీ సర్దేవాళ్లెవరూ లేరు. గీతలు గీయని ట్రంకు రోడ్డు పక్కన ఆటోలు ఎవరికి తోచిన చోట వాళ్లు నిలిపినట్టు ఉంటుంది పరిస్థితి. రెండు ఆటోల మధ్య ముప్పాతిక ఆటో పట్టే ఖాళీ మిగిలిపోతుంది, అందులో ఇంకో ఆటో దూరదు. ఇలా యాదృచ్ఛికంగా నింపుకుంటూ పోతే చివరికి ఎంత వీధి నిండుతుందో హంగేరీ గణితవేత్త అల్‌ఫ్రెడ్ రెన్యీ 1958లో తేల్చాడు: 74.76 శాతం. మన రోడ్డు మీదకు తెస్తే 120 కాదు, 90. మాట్లాడే రెండు బండ్ల మధ్య సగటు ఎడం 1.34 కిలోమీటర్లు.

ఈ లెక్క నాకు చాలా ఇష్టం. సిమ్యులేషన్ పెట్టకముందే, చేతిలో క్యాలిక్యులేటరు ఒక్కటుంటే రోడ్డు మొత్తానికి ఒక మొదటి అంచనా వచ్చేస్తుంది. అయితే ఆ 90ని 6 ఎంబీపీఎస్‌తో గుణించి 540 ఎంబీపీఎస్ సామర్థ్యం అని రాసేస్తేనే చిక్కు. ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే సరిగ్గా మధ్యలో ఉన్నవాడికి ఇద్దరి గొంతూ సమానంగా వినబడి ఏదీ అర్థం కాదు. అర్థం కావాలంటే ఒకరి గొంతు ఇంకొకరి దానికంటే ఓ 8 డెసిబెల్స్ గట్టిగా ఉండాలనుకుందాం. అడ్డు లేని చోట దూరాల నిష్పత్తి రెండున్నర అవుతుంది. సగటు ఎడమైన 1.34 కిలోమీటర్లకు లెక్కేస్తే శుభ్రంగా వినబడేది 380 మీటర్ల దాకా. ఎడం సరిగ్గా కిలోమీటరే ఉంటే 285 మీటర్ల దాకా. ఒక్కవైపు గోలనే లెక్కలోకి తీసుకున్నా ఇదీ సంగతి. 150 మీటర్లు ఇందులో ఇమిడిపోతుంది కాబట్టి ఈ అంచనా వరకు గండం లేదు.

టంగుటూరు లెక్క

ఇప్పుడు టోల్‌గేటుకు వద్దాం. ‘ఫాస్టాగ్ ఉందిగా, అదే చెబుతుంది కదా’ అని అడిగేవాళ్లున్నారు. ఫాస్టాగ్ 865 నుంచి 867 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే, బ్యాటరీ లేని అద్దం స్టిక్కరు. గేటు మీది రీడరు పలకరిస్తేనే పలుకుతుంది. బండికి బండికి మధ్య దానికి ఏ పనీ లేదు.

ఒక్కో వైపు 8 లేన్లు, ఒక్కో లేనులో 100 మీటర్ల క్యూ అనుకుందాం. లారీలు, కార్లు కలిపి, ఎడంతో సహా బండికి 8 మీటర్లు. మొత్తం 1600 మీటర్ల లేనులో 200 బండ్లు. మిగిలిన 1.8 కిలోమీటర్ల రోడ్డు మీద మామూలుగా నడిచేవి 108. కలిపి 308. అందరూ సమానంగా పంచుకుంటే 1339ని 308తో భాగించాలి, బండికి సెకనుకు నాలుగు సందేశాలు, కొంచెం పైన.

కానీ అందరూ సమానంగా ఎందుకు మాట్లాడాలి? యూరప్ ప్రమాణంలో మంచి నియమం ఉంది. బండి 4 మీటర్లు కదిలినా, దిశ 4 డిగ్రీలు మారినా, వేగం సెకనుకు అర మీటరు మారినా కొత్త సందేశం పంపాలి. ఏదీ లేకపోతే సెకనుకు ఒక్కటి చాలు. ఆగిన 200 బండ్లు 200 సందేశాలు, 80 వేగంతో నడిచే 108 బండ్లు సెకనుకు 5 చొప్పున 540. మొత్తం 740. 1339లో 55 శాతం. ఒక్క తీగ అదనంగా వేయకుండా, ఒక్క మెగాహెర్ట్జ్ అదనంగా అడగకుండా, నియమం మార్చినందుకే నెట్‌వర్క్‌లో చోటు పుట్టుకొచ్చింది. సామర్థ్యమనేది ఛానెల్‌కు పుట్టుకతో వచ్చిన గుణమే అనుకునేవాళ్లు ఈ తేడా దగ్గర కాసేపు ఆగాలి.

ఈ నియమానికీ లోపాలున్నాయి. మొదటిది, క్యూ ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు. గేటు లేచిన ప్రతిసారీ లేనులో డజను బండ్లు ఒకదాని వెనక ఒకటి కదిలి ఆగుతాయి. కదిలినప్పుడు వేగం మార్పు, ఆగినప్పుడు వేగం మార్పు. ఆ కొద్ది సెకన్లలో సందేశాలు గుంపుగా వస్తాయి, నిమిషం సగటు తీస్తే ఆ గుంపు కనబడదు. ఎండాకాలం ఉలవపాడు దగ్గర మామిడిపండ్ల కోసం కార్లు ఒక్కసారిగా వేగం తగ్గించి పక్కకు తీసేచోటా ఇదే జరుగుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. క్యూ చివర ఆగిన లారీ కూడా ‘ఆగిన బండే’ కాబట్టి సెకనుకు ఒక్కసారే మాట్లాడుతుంది. మన దగ్గరున్నవి రెండున్నర సెకన్లు. అంటే ఖాయంగా దొరికేవి రెండే అవకాశాలు. సందేశాల్లో సగం పోతుంటే, రెండూ పోయే అవకాశం నాలుగింట ఒకటి. అదే అందరూ సమానంగా సెకనుకు నాలుగు పంపిన పద్ధతిలో పది అవకాశాలు, సగం చొప్పున పోయినా పదీ పోవడం వెయ్యింటికి ఒకటి. గాలిని పొదుపు చేసిన నియమమే, ఎవరి మాట అందరికంటే ముందు వినబడాలో వాళ్ల నోరు కట్టేసింది.

అయితే మందు ఖరీదైనదేమీ కాదు. క్యూ చివరి బండి మాత్రం సెకనుకు 5 సార్లు అదనంగా చెప్పాలి. యూరప్ ప్రమాణాల్లో ప్రమాద హెచ్చరిక సందేశం వేరే ఉంది, అందులో ‘ప్రమాదకరమైన క్యూ చివర’ అన్న సంకేతం కూడా ఉంది. 16 లేన్లు, లేనుకు ఒక చివరి బండి, 5 చొప్పున 80 సందేశాలు. 740 కాస్తా 820 అవుతుంది, 1339లో 61 శాతం. క్యూలో నేనే చివర అని బండికి ఎలా తెలుస్తుందన్నదే కష్టమైన భాగం. అదే లేనులో వెనక నుంచి దగ్గరి సందేశాలేవీ రావడం లేదంటే చివరిది అనుకోవచ్చు. వెనక బండికి రేడియో లేకపోతే పొరపాటున ఇద్దరు చివరివాళ్లు తయారవుతారు. నష్టం ఐదు సందేశాలే కాబట్టి ఆ పొరపాటును భరించవచ్చు.

గ్రానైటు లారీ అడ్డొస్తే

ఇంతవరకూ అడ్డు లేని రోడ్డనే అనుకున్నాం. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు, కంటైనర్లు, కృష్ణపట్నం బొగ్గు, ధాన్యం లోళ్లు తిరిగే రోడ్డు ఇది. మధ్యలో నిలబడిన లారీ ఓ 10 డెసిబెల్స్ తినేసిందనుకోండి, కిలోమీటరు కాస్తా 320 మీటర్లవుతుంది.

ఇక్కడ మొత్తం ఎంబీపీఎస్ లెక్క ఎంత మోసం చేస్తుందో చూడండి. వినబడే దూరం 320కి తగ్గితే ఆటోల లెక్క ప్రకారం 120 కిలోమీటర్లలో ఒకేసారి 90 కాదు, 280 మంది మాట్లాడొచ్చు. కాగితం మీద సామర్థ్యం మూడు రెట్లయింది. రోడ్డు మీద మాత్రం గ్రానైటు లారీ వెనకున్న కారుకు, ఆ లారీ ముందు ఏం జరుగుతోందో వినబడటం మానేసింది. అంతేకాదు, లారీకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఒకరినొకరు వినలేరు కాబట్టి ఒకేసారి మొదలుపెడతారు. పక్క లేనులో ఇద్దరికీ కనబడే బండికి రెండూ కలిసి గోలై చేరతాయి.

యాంటెన్నా ఎక్కడ పెట్టారన్నదీ తేలిగ్గా తీసుకునే విషయం కాదు. కంటైనరు లారీ క్యాబిన్ కప్పు మీద ఒక్క యాంటెన్నా పెడితే, వెనకున్న డబ్బా దానికంటే ఎత్తుగా ఉండి వెనకవైపు మొత్తం చీకటి చేస్తుంది. కబురు కావలసింది వెనకవాళ్లకే. రెండు పక్క అద్దాల దగ్గర చెరొకటి పెట్టి రెండింటితోనూ పంపాలి, వినాలి. లెక్కలో లారీని కారులాగే ఒక చుక్కగా చూపిస్తే ఇదేదీ బయటపడదు.

ఎదురు వాదనలు

మొదటిది: ఇవాళ ఎన్ని బండ్లకు ఈ రేడియోలున్నాయని సామర్థ్యం గురించి కొట్టుకోవడం? న్యాయమైన మాటే. నూటికి పది బండ్లకు రేడియో ఉంటే, ఎదురుపడే జతల్లో రెండింటికీ ఉన్నవి నూటికి ఒకటే. అప్పుడు గాలంతా ఖాళీ. కానీ ఒకసారి బిగించిన పెట్టె లారీతోపాటే ఏళ్లకేళ్లు తిరుగుతుంది. సెకనుకు 10 పంపమని ఇవాళ రాసిన నియమం, రోడ్డు నిండిన రోజున కూడా ఆ పెట్టెలో అలాగే ఉంటుంది. నిండకముందే లెక్క వేయాలనడానికి కారణం అదే.

రెండోది: ఇదంతా పాత వైఫై గొడవ, సెల్యులర్ పద్ధతిలో వచ్చే సీ-వీటూఎక్స్‌తో తీరిపోతుంది కదా అని. ఢీకొనడాలను అది వేరే రకంగా తగ్గిస్తుంది, నిజమే. సమయాన్ని మిల్లీసెకన్ల గదులుగా కోసి, ఖాళీగా కనబడిన గదిని బండి తనకు తానే ఎంచుకుంటుంది. కానీ ఒకే మిల్లీసెకనులో పంపే ఇద్దరు ఒకరినొకరు వినలేరు. పైగా సెకనుకు 10 పంపేటప్పుడు ఎంచుకున్న గదిని 5 నుంచి 15 సందేశాల దాకా అట్టిపెట్టుకుంటుంది. ఇద్దరూ ఖర్మకాలి ఒకే గది ఎంచుకుంటే అర సెకను నుంచి సెకనున్నర దాకా వరుసగా ఢీకొంటూనే ఉంటారు. 80 వేగం మీద అది 11 నుంచి 33 మీటర్లు. సగటు నష్టం వైఫై కన్నా తక్కువ కనబడవచ్చు. వరుస నష్టం మాత్రం ఎక్కువ కావచ్చు. మన రెండున్నర సెకన్లకు పట్టేది వరుస నష్టమే.

ఇక బండి నుంచి బండికి అందించుకుంటూ కావలి కబురును నెల్లూరు చేరవేద్దామన్న ఆలోచన మీద నాకు ఆశ లేదు. వైర్‌లెస్ నెట్‌వర్క్‌ల సామర్థ్యం మీద పరిశోధించిన గుప్తా, కుమార్ 2000లో చూపించినట్టు ఇలాంటి నెట్‌వర్క్‌లో జనం పెరిగేకొద్దీ తలా వచ్చే వాటా తగ్గిపోతూ వస్తుంది. ఒక్క గీత లాంటి రోడ్డు మీద ఇంకా వేగంగా తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి సందేశమూ మధ్యలోని ప్రతి చోటునూ దాటాల్సిందే. తొందర లేని డేటా అయితే ఆర్టీసీ బస్సులో పార్సిల్ వేసినట్టు బస్సులోనే నిల్వ చేసి పంపడం నయం.

సిమ్యులేషన్‌లో చెడేవి

సుమో అనే ట్రాఫిక్ సిమ్యులేటరుతో బండ్లు నడిపి ఎన్‌ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటరుతో రేడియో నడిపేవాళ్లు ముందు చూసుకోవలసింది, బండ్లన్నీ సున్నా సెకను దగ్గర ఒకేసారి మొదటి సందేశం పంపుతున్నాయా అని. పంపితే ప్రతి 100 మిల్లీసెకన్లకూ ఊరంతా ఒకేసారి కేక వేస్తుంది, నష్టం అన్యాయంగా పెరిగిపోతుంది. ఒక్కో బండికి 0 నుంచి 100 మిల్లీసెకన్ల లోపు ఏదో ఒక ఆలస్యం ఇవ్వాలి. రోడ్డు కొసల్లో ఉన్న బండ్లకు ఒకవైపే ఇరుగుపొరుగు ఉంటారు కాబట్టి అక్కడ అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. ఐదు కిలోమీటర్ల రోడ్డు పెడితే రెండు కొసల్లో కిలోమీటరు చొప్పున వదిలేసి మధ్య మూడే లెక్కలోకి తీసుకోవాలి. క్యూ పేరుకోవడానికి పట్టే మొదటి కొన్ని నిమిషాలూ పారేయాలి. బండ్లను కొలబద్ద పెట్టినట్టు సమాన దూరంలో నిలిపితే ఆటోల లెక్కలోని ఖాళీలు మాయమవుతాయి.

ఫలితంగా సగటు డెలివరీ శాతం రాయకండి. 150 మీటర్ల దూరంలో ఉన్న ప్రతి జతకూ, ఒక సందేశం అందిన తర్వాత మళ్లీ అందేదాకా ఎంత సేపైందో రాయండి. అందులో నూటికి ఒక్కసారి ఎంత పొడవు విరామం వస్తోందో అది ముఖ్యం. అది రెండున్నర సెకన్లు దాటితే పై అంకెలన్నీ ఎంత బాగున్నా ప్రయోజనం లేదు.

రోడ్డు మీద కొలిచేవాళ్లు ఒక రేడియోను క్యూ చివర లారీలో, రెండోదాన్ని వెనక వచ్చే కారులో పెట్టి, రెండింటి గడియారాలనూ జీపీఎస్‌తో కలిపి, పంపిన వైపూ అందుకున్న వైపూ లాగ్ తీసుకోవాలి. ప్రతి సందేశానికీ వరుస సంఖ్య ఉండాలి. ఆగిన లారీ నియమం ప్రకారమే సెకను పాటు మౌనంగా ఉందా, పంపిన సందేశమే దారిలో పోయిందా అన్నది ఆ సంఖ్య లేకుండా తేల్చలేం.